చివరి పేరా

కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో, అద్దాలు అరగదీసే మిషన్ పక్కన, ఆమె లాప్‌టాప్ తెరిచింది. పగలు ఇక్కడే పని, సాయంత్రం ఇక్కడే చదువు. ఆన్‌లైన్‌లో దైవశాస్త్రం ఎమ్మే. దుకాణం అక్క మొగుడిది.

"పాస్టరమ్మగారూ, ఈ వారం ఎవర్ని రక్షిస్తున్నారు?" ముందు గదిలోంచి బావ కేకేశాడు.

"ముందు నిన్నే రక్షించాలి బావా. నీది పెద్ద కేసు కదా, ఆఖరి సంవత్సరంలో చెబుతారట."

ఈ వారం పాఠం దుఃఖంలో ఉన్నవాళ్ళని ఓదార్చడం గురించి. వ్యాసం రాసి క్లాసు పేజీలో పెట్టాలి. తోటివాళ్ళ వ్యాసాల్లో రెండింటికి జవాబు రాయాలి. జవాబుకి మార్కులున్నాయి కాబట్టి క్లాసంతటికీ ఒకటే జవాబు అలవాటైపోయింది: "చాలా లోతుగా రాశారు. ఏకీభవిస్తున్నాను. దేవుడు మిమ్మల్ని దీవించుగాక." ఎవరి వ్యాసం కిందైనా స్టాంపు గుద్దినట్టు సరిపోతుంది.

ఆమె కూడా ఆ ముక్కే కాపీ చేసుకుని ఊలక్క వ్యాసం తెరిచింది. ఆవిడకా పేరు ఈమే మనసులో పెట్టుకుంది. క్లాసు జరిగినంతసేపూ ఆవిడ ఊలుతో ఏదో అల్లుతూనే ఉంటుంది. ఏడాదిగా ఒకే క్లాసు. గొంతు మాత్రం ఎన్నడూ వినలేదు. మైకులూ, చాటింగూ అన్నీ లెక్చరర్ మూసేస్తాడు.

పేజీ కిందకి జరుపుతుంటే చివరి పేరా కంటబడింది.

"సోమవారం నా భర్త ప్రభువునందు నిద్రించారు. ఇంట్లో ఇంకెవరూ లేరు. గడువు దాటకూడదని ఇది రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి."

దాని కింద ఏడు జవాబులు. ఏడుగురూ ఏకీభవించారు. ఒకాయనైతే 'ఇలాంటివి ఇంకా రాయాలి' అని ప్రోత్సహించాడు కూడా.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కోర్సు ఆఫీసుకి ఫోన్ చేసి ఆవిడ నంబరు అడిగింది.

"వందనాలు సిస్టర్. నంబర్లు ఇవ్వకూడదు, రూలు. మీ ఓదార్పు పేజీలో రాయండి."

"అక్కడ ఏడుగురు మెచ్చుకున్నారండీ, మొగుడు పోయాడంటే!"

అవతల ఫోన్ పెట్టేశారు.

"బావా, చూపు పరీక్ష చేసే అక్షరాల అట్ట ఇస్తావా?"

"కొత్తదే అది! ఏం చేస్తావు?"

"వెనకవైపు కావాలి."

సణుగుతూ వచ్చిన బావ ఆమె భుజం మీదుగా ఆ పేరా చదివాడు. అట్టతో పాటు లావు మార్కరు కూడా తెచ్చిచ్చాడు.

క్లాసు మొదలైంది. ఊలక్క వచ్చింది. చేతుల్లో ఊలు లేదు.

"ఓదార్పులో మొదటి మెట్టు వినడం," అంటున్నాడు లెక్చరర్, అందరి మైకులూ మూసేసి.

ఆమె అట్ట ఎత్తి కెమెరా ముందు పెట్టింది. "ఊలు అల్లే అక్క భర్త పోయారు. చివరి పేరా చదవండి. అక్కా, ఫోన్ చెయ్యండి." కింద తన నంబరు.

తెర మీద గడుల్లో మొహాలు కదిలాయి. ఒకమ్మాయి చేత్తో నోరు మూసుకుంది. ఊలక్క ముందుకి వంగి అట్టనే చూస్తోంది.

"సిస్టర్, అట్ట దించండి. ఇది క్లాసు, ప్రార్థన కూటం కాదు."

ఆమె అడ్డంగా తలూపింది.

"క్రమశిక్షణ మార్కులు పోతాయి. ఈ సెమిస్టర్ మళ్ళీ చదవాల్సొస్తుంది, ఆలోచించుకోండి."

ఆలోచించుకునే ఎత్తింది. చేతులు లాగేస్తుంటే అట్టని ఇంకాస్త పైకి జరిపింది. ఇంతలో ప్రోత్సహించిన పెద్దాయన కూడా ఒక కాగితం పైకెత్తాడు. "చదవకుండా రాశాను. క్షమించమ్మా." ఇంకో గడిలో ఇంకో కాగితం లేచింది. అందులో ఏముందో చదివేలోగా తెర నల్లబడింది. మిమ్మల్ని తరగతి నుంచి తొలగించారు, అని వచ్చింది.

"పోయిందా?" అన్నాడు బావ.

"పోయింది."

"సెమిస్టరా?"

"అదే. మళ్ళీ చదువుతాలే. చచ్చినా క్షమాపణ మాత్రం రాసివ్వను."

ఫోన్ మోగింది. కొత్త నంబరు. బొంగురు గొంతు. "నేనమ్మా... నా వల్ల నీ చదువు పాడుచేసుకున్నావు గదే పిల్లా."

"అది నేను చూసుకుంటాను గానీ, పొద్దుట్నించీ ఏమన్నా తిన్నారా?"

అవతల ఏడుపు మొదలైంది. ఇన్నాళ్ళూ ఎవరూ అడగని ఏడుపు. మధ్యలో కోర్సు ఆఫీసు నంబరు వచ్చింది. కట్ చేసింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ కట్ చేసింది.

"ఉన్నానక్కా," అంది, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "చెప్పండి. ఆయన ఎలా ఉండేవారు?"