ఒక మడతలో రెండు చేతులు

చొక్కాకి చేతులు కత్తిరించేటప్పుడు గుడ్డ మడతపెట్టి రెండూ ఒకేసారి కత్తిరిస్తాం. ముప్పై ఏళ్లుగా నాకు అలవాటైన పని. మొన్న నా కోసం కుట్టుకున్న చొక్కాకీ అలాగే కత్తిరించాను. ఎడమ చేయి దూరింది. కుడిది మోచేతి దగ్గరే ఆగిపోయింది.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో కుడి చంకలోని లింఫు గ్రంథులు కూడా తీసేశారు. ఎనిమిది నెలలకి ఆ చేయి ఉబ్బడం మొదలైంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట, అలా ఉంది నా సంగతి. చంక కింద, జబ్బ లోపలివైపు స్పర్శ లేదు. నిజం చెప్పాలంటే మనసులోనూ అంతే. ఏడుపు రాదు. కోపం మాత్రం వస్తుంది, అదీ కొలతలివ్వడానికొచ్చిన వాళ్ల మీద.

వారానికోసారి చేతి చుట్టుకొలత తీసి ఫోన్‌లో చెప్పమంది ఫిజియోథెరపిస్టు. ఇంకో రెండు సెంటీమీటర్లు పెరిగితే కత్తెర ఆపి చికిత్సకి రావాలంది. కొలత తీయడం నాకొకరు నేర్పాలా? లావుగా ఉన్నవాళ్లు నొచ్చుకోకుండా టేపు బిగించి తక్కువ అంకె పైకి చదవడం, కుట్టేటప్పుడు వదులు పెట్టడం మా వృత్తిలో మర్యాద. ఆ మర్యాదే నాకూ చేసుకున్నాను. ప్రతి వారం అదే అంకె చెప్పాను. కత్తెర పోతే నేనెవర్ని? ఆ భయం ఒక్కటే మొద్దుబారలేదు.

ఎక్కని చేతి కుట్టు విప్పి, జబ్బకి గుడ్డ చుట్టుకుని ఎడమ చేత్తో గుండుసూదులు గుచ్చుతున్నాను. మిషను మీదున్న మా తోడికోడలు కేక పెట్టింది.

“అక్కా, రక్తం!”

సూది గుడ్డతో పాటు నా చర్మంలోకీ దిగి ఉంది. నాకేం తెలియలేదు.

“కందకి లేని దురద కత్తిపీటకెందుకే?” అన్నాను.

ఆమె నవ్వలేదు. సూది తీసి, సబ్బుతో కడిగి, మందు రాసింది. నా మెడలోని టేపు లాక్కుని చేతికి చుట్టింది.

“పోయిన వారం ఎంత చెప్పావు?”

చెప్పాను.

“ఇది నాలుగు సెంటీమీటర్లు ఎక్కువుంది.”

“నువ్వు వదులుగా పట్టావు.”

“ఒంటికి ఆనాలి గానీ ఒంటిని నొక్కకూడదని నువ్వే కదక్కా నేర్పావు.”

అక్కడే ఫిజియోథెరపిస్టుకి ఫోన్ చేసి అసలు కొలత చెప్పాను. రేపే రమ్మంది. చికిత్స అయ్యేదాకా కత్తెర ముట్టుకోవద్దంది. సరేనన్నాను. ఎవరి గురించో వింటున్నట్టనిపించింది నాకు.

తోడికోడలు నా చొక్కా చేతి కోసం బల్ల మీద కొత్త గుడ్డ పరిచి, అలవాటుగా మడత పెట్టబోయింది.

“మడత వద్దు. కుడిది విడిగా కత్తిరించు,” అని నా కత్తెర అందించాను. ముప్పై ఏళ్లలో దాన్ని ఇంకొకరి చేతిలో చూడలేదు.

తొణక్కుండా, గీత తప్పకుండా, నాలాగే కత్తిరించింది.

అప్పుడొచ్చింది ఏడుపు.