రాతినత్తకు కట్టుడు ముక్క

డాక్టర్ కొల్లి సైలస్ గారు ఊరందరి పళ్లూ బాగుచేసి, చివరికి తన పేరు ఎక్కడా కనపడటం లేదని బెంగపెట్టుకున్న మనిషి. అల్వాల్లో మెయిన్ రోడ్డు మీద క్లినిక్ పెట్టి, జుట్టు నెరిసేదాకా పళ్లు పీకారు, పూడ్చారు, కట్టారు. ఏం లాభం? పేషెంటు నోరు మూయగానే పనితనమంతా లోపలికి పోతుంది. జనం నోళ్లలో నానడమంటే ఇదేనా అని ఆయనే వాపోయేవారు.

ఇల్లు కట్టుకున్నది పోయి పోయి సైనిక్‌పురిలో. చుట్టూ రిటైరైన కల్నల్లు, వింగ్ కమాండర్లు. ప్రతి గేటుకీ హోదాతో సహా ఇత్తడి పలక, ప్రతి హాల్లోనూ అద్దాల బీరువాలో మెడల్స్. సైలస్ గారి హాల్లో ఉన్నవి టీవీ, బైబిలు వాక్యం రాసిన చర్చి క్యాలెండరు. పోనీ ఆదివారం గుడికెళితే మనశ్శాంతి ఉంటుందా అంటే అక్కడా అదే గోల. బెంచీల మీద దాతల పేర్లు, గడియారం కింద పేరు, ఆఖరికి ఫ్యాను రెక్కల మీద కూడా పేర్లే. ఎండాకాలం ఫ్యాన్లు తిరుగుతాయి కాబట్టి పరవాలేదు గానీ, చలికాలంలో ఆ పేర్లన్నీ చదవాల్సి వచ్చి ఆయనకు కడుపుమంట ఎక్కువయ్యేది.

అలాంటి సమయంలో రాళ్లొచ్చాయి. బన్సీలాల్‌పేట్ మెట్లబావిని బాగుచేసి నలుగురి చేతా శభాష్ అనిపించుకున్నాక, నగరంలో ప్రతి ఆఫీసరుకీ పాతది ఏదో ఒకటి దులపాలన్న సరదా పుట్టింది. హరికిషన్ గారికి బావి దొరకలేదు. ఆయన డైరెక్టరుగా వెలగబెడుతున్న ప్రాచీన శిలల ప్రదర్శనశాల గోడౌన్లో, ఎప్పుడో తమిళనాడులోని అరియలూరు నుంచి తెచ్చి పడేసిన రాళ్ల పెట్టెలు మాత్రం దొరికాయి. పెట్టెల నిండా అమ్మోనైట్లు. రాక్షసబల్లుల కాలంలో సముద్రంలో ఈది, చచ్చి, బురదలో కూరుకుపోయి రాళ్లయిన జీవులవి. చూడ్డానికి చుట్టచుట్టుకున్న పెద్ద నత్తల్లా ఉంటాయి కాబట్టి అందరూ రాతినత్తలనేవారు. నత్తకీ వాటికీ బంధుత్వం చాలా దూరమని అక్కడ పనిచేసే అనుపమ చెప్పబోయేది గానీ వినేవాళ్లు ఉండేవారు కాదు. ఆ ప్రదర్శనశాల మొత్తానికి శిలాజాల విద్య చదువుకున్నది ఆమె ఒక్కతే.

అమ్మోనైటు చుట్టూ పట్టేసిన రాయిని సన్నటి డ్రిల్లుతో, సూదితో రేణువు రేణువుగా తియ్యాలి. డ్రిల్లు కావాలని అనుపమ ఫైలు పెట్టింది. ఆ ఫైలు ఆఫీసులన్నీ తిరిగి, రాయి కొట్టడానికి సమ్మెట సరిపోదా అన్న ప్రశ్నతో తిరిగొచ్చింది. అప్పుడామెకు తన పన్ను పూడ్చిన డాక్టరు గుర్తొచ్చారు.

సైలస్ గారికి మళ్లీ యవ్వనం వచ్చింది. ఇలాంటి పేషెంటు ఎవరికి దొరుకుతాడు? మూలగడు, ఉమ్మడు, మధ్యలో ఫోనెత్తడు. కారు షెడ్డులో బల్ల వేసి, పాత క్లినిక్ దీపం బిగించి, పంటి గార గీకిన చేత్తోనే రాతి గార గీకడం మొదలుపెట్టారు. ఇంటినిండా దుమ్మే. భార్య రోసమ్మ గారు ఒకప్పుడు స్కూల్లో పిల్లల్ని అదుపులో పెట్టినంత తేలిగ్గా ఆ దుమ్మును అదుపులో పెట్టలేకపోయారు. అయినా ఊరుకున్నారు. రిటైరయ్యాక మొగుడు మొదటిసారి కూనిరాగం తీస్తుంటే ఎవరు కాదంటారు?

అనుపమ పెట్టిన షరతు ఒక్కటే. తియ్యొచ్చు గానీ ఏదీ కలపకూడదు. ఎక్కడైనా విరిగితే విరిగినట్టే ఉంచి తనకు చెప్పాలి. పని పూర్తయితే అద్దాల పెట్టె కింద కార్డు మీద ‘శుభ్రపరచినవారు: డాక్టర్ కొల్లి సైలస్’ అని వేయిస్తానంది. ఆ రోజు డాక్టరు గారు షుగరున్నా లెక్కచెయ్యక సేమ్యా పాయసం చేయించుకుని తిన్నారు.

అన్నిటికన్నా పెద్ద అమ్మోనైటు చివర్లో వచ్చింది, భోజనం పళ్లెమంత. దాని వెలుపలి చుట్టు మీద వరసగా గట్లు, ఒక్కో గట్టూ అంచు దగ్గరికి వచ్చేసరికి రెండుగా చీలుతుంది. ఒక మూల కొంచెం రాయి మిగిలిపోయింది. దాన్ని ముట్టుకోవద్దనీ, పెంకుకు అదే ఆధారమనీ అనుపమ మరీ మరీ చెప్పి వెళ్లింది. కానీ డెంటిస్టు కంటికి అది పళ్లసందులో ఇరుక్కున్న పాలకూర ముక్కలా కనపడసాగింది. రెండు రోజులు ఓర్చుకున్నారు. మూడోనాటి మధ్యాహ్నం, రోసమ్మ గారు కునుకు తీస్తుండగా, కొంచెమే కదా అని డ్రిల్లు ఆనించారు. టప్‌మని చప్పుడైంది. బొటనవేలంత పెంకు ఎగిరిపడి నేలమీద పొడి పొడి అయిపోయింది.

ఇక్కడ ఇంకెవరైనా అయితే తలపట్టుకునేవారు, లేదా అనుపమకు ఫోను చేసేవారు. సైలస్ గారు మాత్రం గుంత కనపడితే పూడ్చకుండా ఉండలేని మనిషి. క్లినిక్ మూసినప్పుడు తెచ్చుకున్న కట్టుడు పళ్ల పొడి తీశారు, అందులో బల్ల మీది రాతిదుమ్ము కలిపారు, ఘాటు ద్రవం పోసి ముద్ద చేసి గుంతలో అద్దారు. అది గట్టిపడ్డాక చాకుతో గట్లు చెక్కారు. చెయ్యి దాని అలవాటున అది పోయింది. ఏళ్ల తరబడి దవడపళ్లు చెక్కిన చెయ్యి, గట్టును రెండుగా కాక మూడుగా చీల్చింది. పని ముగిశాక చూసుకుంటే పూడ్చిన చోటు అసలుకన్నా ముచ్చటగా ఉంది. ఆయన సిగ్గుపడ్డారు. లోపల్లోపల మురిసిపోయారు కూడా.

అనుపమకు చెబుదామనే బయల్దేరారు. కానీ ప్రారంభోత్సవానికి మంత్రిగారొస్తున్నారని హరికిషన్ గారు ఆమెను వంటవాళ్ల మీదికి తోలారు. ఆమె ఒక చెవిన ఫోను పెట్టుకుని, బిర్యానీయా పులిహోరా అని తేల్చుకుంటూనే రాయిని ఒకసారి చూసి, భలే చేసిండ్రు సార్ అంది. ఆ మెప్పు జేబులో వేసుకుని డాక్టరు గారు ఇంటికొచ్చేశారు. అమ్మోనైటు అద్దాల పెట్టెలోకి పోయింది, తాళంచెవి డైరెక్టరు గారి జేబులోకి పోయింది.

ఆపైన ప్రొఫెసర్ వేణుమాధవ్ గారు విచ్చేశారు. రాళ్ల మీద లావుపాటి పుస్తకాలు రాసినవారు, రాయిని చేత్తో ముట్టి చాలాకాలమైనవారు. అద్దంలోంచే చూసి నిలువునా పులకించారు. గట్లన్నీ రెండుగా చీలుతుంటే ఇక్కడ మాత్రం మూడుగా చీలాయి, ఒక జాతి ఇంకో జాతిగా మారుతున్న ఘడియ ఇదేనన్నారు. లోకానికి తెలియని కొత్త జాతి అని తేల్చి, దాన్ని వెలికితీసిన మహానుభావుడి పేరే దానికి పెడతానన్నారు. ఆ సాయంత్రమే ఫొటోలు, వ్యాసం ఏదో విదేశీ పత్రికకు పంపేశారు.

ఇక చూడాలి సంబరం. పక్కింటి కల్నల్ గారు మొట్టమొదటిసారి గేటు దాటి లోపలికొచ్చి చెయ్యి కలిపారు. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు పేరుపెట్టి స్తుతి చెల్లించారు. రోసమ్మ గారు ప్రారంభోత్సవానికని బీరువా అడుగునున్న పట్టుచీర తీసి నీడన ఆరేశారు. ఫ్యాను రెక్క ఏపాటిది, ఇది ప్రపంచం ఉన్నంతకాలం నిలిచే పేరు. డాక్టరు గారు వారంపాటు నేల మీద నడవలేదు.

నేల మీదికి దించింది పేపరు. పొద్దున్నే కాఫీతో పాటు చేతికొచ్చిన పేపర్లో ఆ గట్ల ఫొటో అరపేజీ వేశారు. కళ్లజోడు సర్దుకుని చూస్తే అది కొత్త జాతీ కాదు, పాత జాతీ కాదు. కింది దవడలో ఆరో పన్ను. అచ్చం ఆయన చెక్కిన పన్నే. 

వంటింట్లోకి వెళ్లి చిక్కుడుకాయలు వలుస్తున్న రోసమ్మ గారికి జరిగినదంతా చెప్పారు. ఆవిడ ముఖం వాడిపోవడం కళ్లారా చూశారు. తన పేరు పోతుందన్న దిగులుకన్నా ఆ ముఖమే ఆయన్ని ఎక్కువ కోసింది. ఇంతకాలానికి డాక్టరు గారి భార్యనని గొప్పగా చెప్పుకునే అవకాశం ఆమెకు వచ్చిందే ఈ వారం. ఇప్పుడది తానే లాక్కుంటున్నారు. ఎవరికీ తెలియదు కదా, ఊరుకుంటే ఏం అని కూడా అడిగి చూశారు.

రోసమ్మ గారు చిక్కుడుకాయల మీంచి తలెత్తలేదు. “ఏవండీ, మీరు కట్టిన పన్ను దేవుడిచ్చిన పన్నని ఎప్పుడైనా, ఎవరికైనా చెప్పారా?”

చెప్పలేదు. అది ఆయన చెయ్యని పని. చొక్కా మార్చుకుని ప్రదర్శనశాలకు వెళ్లారు.

మర్నాడే ప్రారంభోత్సవం. హాల్లో పూలదండలు కడుతున్నారు, కొత్త జాతి ఫొటోతో గోడంత బ్యానరు వేలాడుతోంది. డాక్టరు గారు అనుపమను, డైరెక్టరు గారిని, ప్రొఫెసరు గారిని నిలబెట్టి, అది తాను పెట్టిన ముక్క అని చెప్పారు. ప్రొఫెసరు గారు జాలిగా నవ్వి, పెద్దవాళ్లకు ఇలాంటి వినయం సహజమన్నారు. తాను కళ్లారా చూశానని, వ్యాసం అచ్చుకు కూడా వెళ్లిందని గుర్తుచేశారు. అచ్చుకు వెళ్లినది అబద్ధమెలా అవుతుందన్నది ఆయన సందేహం.

హరికిషన్ గారు మాత్రం భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయారు. “ఏంది సార్ గిట్ల పరేషాన్ చేస్తరు? రేపు మినిస్టర్ వస్తున్నడు. జెర ఓపిక పట్టుండ్రి. పండుగలన్నీ అయినంక నిమ్మళంగ ఒక కమిటీ ఏస్త.”

తప్పు చేసి తెచ్చినప్పుడు ఒక్క ప్రశ్న వెయ్యనివాళ్లు, నిజం చెప్పేసరికి కమిటీ అంటున్నారు. సైలస్ గారికి జీవితంలో మొదటిసారి పళ్లు నూరాలనిపించింది. తాళంచెవి ఇస్తారా, అద్దం పగలగొట్టనా అని అడిగారు. డెంటిస్టు గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు కాబట్టి తాళంచెవి బయటికొచ్చింది.

ఆయన జేబులోంచి సూది తీశారు. పువ్వులు కట్టే మనిషి దగ్గర లైటరు అడిగి, ఎర్రగా కాల్చి, మూడు పాయల గట్టు మీద గుచ్చారు. రాయైతే సూది దిగకూడదు. వెన్నలోకి దిగినట్టు దిగింది. సన్నగా పొగ లేచి, హాలంతా పళ్ల డాక్టరు క్లినిక్ కంపు కొట్టింది. కట్టుడు పళ్లు పెట్టుకున్న ప్రొఫెసరు గారు ఆ వాసనను అందరికన్నా ముందు గుర్తుపట్టి, కుర్చీ కోసం వెతుక్కున్నారు. సైలస్ గారు సూదితోనే ముక్కను పెకలించి తన అరచేతిలో పెట్టుకున్నారు. కెరీర్ మొత్తంలో ఆయన పీకిన వాటిల్లో అంత నొప్పి పెట్టినది లేదు.

అనుపమ కళ్లు ఎర్రబడ్డాయి. “నేనడిగింది ఒక్కటే సార్. ఏం కలపొద్దని.”

 కార్డు మీద తన పేరు తీసెయ్యమని ఆయన బతిమాలారు.

“తియ్య సార్,” అంది అనుపమ. “ఏం జరిగిందో అదే రాస్త.”

మర్నాడు బ్యానరు మీద గులాబీరంగు గుడ్డ కప్పారు. ప్రొఫెసరు గారికి జ్వరమొచ్చింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, పెట్టెల ముందు నుంచి చకచకా నడిచారు. కార్డుల మీద నోరు తిరగని పేర్లుంటే ఎవరాగుతారు? ఆఖరి పెట్టె దగ్గర మాత్రం ఆగారు, అక్కడ తెలుగులో అర్థమయ్యే వాక్యం ఒకటుంది కాబట్టి. మైకు ఎలాగూ చేతిలోనే ఉంది, పైకే చదివారు.

“అమ్మోనైట్. అరియలూరు. వెలుపలి చుట్టులో కొంత భాగం లేదు. శుభ్రపరుస్తుండగా డాక్టర్ కొల్లి సైలస్ పగలగొట్టారు.” చదివి, ఎవరయ్యా ఈ సైలస్ అని చుట్టూ చూశారు.

ఆ మనిషి ఈరోజు రాలేదని హరికిషన్ గారు చెప్పబోతున్నారు. రెండో వరసలో కల్నల్ గారు తన బూట్ల వంక చూసుకుంటున్నారు. వెనక వరసలో, చర్చికి వేసుకునే సూటులో ఉన్న సైలస్ గారు లేచి నిలబడ్డారు.

“నేనేనండి,” అన్నారు, హాలంతా వినపడేలా.

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తోచలేదు. రోసమ్మ గారు పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుని, ఆయన పక్కన తానూ లేచి నిలబడ్డారు.