నల్లద్దం నంబరు

ఎనభై మూడు నాటికి జక్రయ్య పదిహేనేళ్లుగా అద్దంకి రోడ్డులో వెల్డింగు షెడ్డు నడుపుతున్నాడు. ఆ చుట్టుపక్కల మిరపకాయల టిక్కీ బస్తాలు మోసే ట్రక్కుల్లో సగం అతని అతుకుల మీదే తిరుగుతున్నాయి. అయినా పర్చూరు పత్తిమిల్లులో పర్మనెంటు ఉద్యోగానికి సర్టిఫికెట్టు తెమ్మన్నారు. ఆ ఉద్యోగం మీదే ప్రాణం పెట్టుకుని కూర్చున్నాడు జక్రయ్య.

ఆ ఏడు సర్టిఫికెట్టు ఇచ్చే ఆఫీసరు ఒకాయన వచ్చి అతని షెడ్డులోనే పరీక్ష పెట్టాడు. జక్రయ్య నల్లద్దం అడ్డం పెట్టుకుని మంట వెలిగించగానే, ఆఫీసరు చేతులు వెనక్కి కట్టుకుని, ఉత్త కళ్లతో మీదికి వంగాడు.

"సార్, అటు తిరగండి! కళ్లు పోతాయి!"

"ఇట్లాంటివి వెయ్యి చూశానయ్యా. నీ పని నువ్వు చూసుకో."

అతికిన రేకుల్ని వైసులో బిగించి సుత్తితో బాదినా అతుకు చెక్కుచెదరలేదు. ఆఫీసరుకి అదెందుకో నచ్చలేదు. "నీ చేతిలో నల్లద్దం నంబరెంత?" అన్నాడు.

"అద్దానికి నంబరేందండీ, బస్సుకి గదా ఉండేది!"

"ఫెయిల్. మళ్లీ ఏడాది రా."

ఇంటికొచ్చి చెబితే భార్య ఎలీసమ్మ అద్దం లాక్కుంది. చర్చిలో వాక్యం చదివే మనిషి ఆమె. మూలనున్న మసి కొంగుతో తుడిచి చూసింది. "పదకొండని రాసే ఉందిగా! పదిహేనేళ్లు మొహానికి అడ్డం పెట్టుకుని ఏం చూశావయ్యా?"

జక్రయ్యకు ఏడుపొచ్చింది.

పొద్దు గూకే వేళకి ఆఫీసరు దిగిన బంగళా వాచ్‌మన్ సుభానీ పరుగెత్తుకొచ్చాడు. కళ్లల్లో ఎవరో కారం కొట్టారని ఆఫీసరు గోల పెడుతున్నాడట. కొట్టింది కారం కాదు, పొద్దున చూసిన మంటేనని జక్రయ్యకు అర్థమైంది. ఎలీసమ్మ చర్చి దొడ్లో, కళ్లమంటకి చలవ చేస్తాయని నందివర్ధనం పూలు కోసుకుంది. ఇద్దరూ బంగళాకు వెళ్లారు.

మంచం మీద పడున్న ఆఫీసరు కళ్ల మీద ఆమె తడిపూలు పెడుతుంటే, జక్రయ్య ఆగలేకపోయాడు. "పదకొండండి!"

"అదే ముక్క పొద్దున చెబితే పాసయ్యేవాడివిగా!" అని మూలిగాడు ఆఫీసరు.

"పొద్దున తమరు ఆ అద్దాన్ని అడ్డం పెట్టుకునుంటే మాకీ పూలు కోసే పని తప్పేదండి," అంది ఎలీసమ్మ.

ఆఫీసరు పూలు పడిపోకుండా మెల్లగా చెయ్యి చాపి, "నా సంచిలో సర్టిఫికెట్టూ పెన్నూ ఇలా ఇవ్వమ్మా, సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించు," అన్నాడు.

ఆ సంతకం గీత దాటి, సర్టిఫికెట్టుకి అంటించిన ఫొటోలో జక్రయ్య నుదుటి మీదికి ఎక్కింది. మిల్లువాళ్లు అదేమిటని అడక్కుండానే పనిలోకి తీసుకున్నారు.