ఒకటి నుంచి పది దాకా బాబాయ్ గొంతు

మెకానిక్ నోరు జారింది. పాత సామాన్లవాడి దగ్గర కొన్న క్యాసెట్ డెక్‌లో ఒక క్యాసెట్ ఇరుక్కుని ఉందనీ, దానిమీద బాబాయ్ చేతిరాత ఉందనీ, లోపల బాబాయ్ గొంతు ఉండే ఉంటుందనీ పిన్నికి ఫోన్‌లో చెప్పేసింది. డెక్ సరిగ్గా తిరుగుతోందో లేదో చూసుకున్నాక చెప్పాల్సిన మాట అది. గంట తిరక్కుండానే పిన్ని బాబాయ్‌ని వెంటబెట్టుకుని షాపులో వాలిపోయింది.

బాబాయ్ అంటే రక్తసంబంధం ఏమీ లేదు. ఇరవై ఏళ్ళ వయసులో మెకానిక్‌కు ఈ రిపేరు పని నేర్పిన మనిషి. నాలుగేళ్ళ కిందట గొంతు ఆపరేషన్‌తో ఆయనకు మాట పోయింది. ఇప్పుడు ఏం చెప్పాలన్నా పలకా బలపమే. ఇంట్లో ఆయన ఫోటోలు బోలెడున్నాయి, గొంతు మాత్రం ఎక్కడా లేదు. బాగుచేసిన ప్రతి డెక్‌లోనూ ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి రికార్డు చేయడం ఆయన అలవాటు. ఆ క్యాసెట్లన్నీ డెక్‌లతోపాటే జనం ఇళ్ళకు పోయాయి.

"పెట్టవే, ఇంకా చూస్తావేం?" అంది పిన్ని, కుర్చీ అంచున కూర్చుని.

పెట్టింది. "ఒకటి, రెండు, మూడు" అని సన్నటి కీచుగొంతు గబగబా పరిగెత్తింది.

"ఇదేంటే! మా ఆయనా, కోడిపిల్లా?" అని పిన్ని నవ్వింది. నవ్వింది గానీ చేతిలో రుమాలు నలిగిపోతోంది. మెకానిక్ పది కాగానే టేపు ఆపేసి డెక్ మూత విప్పింది.

లోపల రబ్బరు బెల్టు కాస్త సాగి, జిగురుజిగురుగా ఉంది. దాన్ని తీసేసి కొత్తది వేసింది. టేపును లాగే రోలరుని స్పిరిట్ దూదితో తుడిచింది. స్పీడు కొలిచే టెస్టు క్యాసెట్ పెట్టి మీటర్ చూస్తూ, మోటారు వెనక ఉన్న చిన్న స్క్రూని వెంట్రుకవాసి తిప్పింది. మీటర్‌లో అంకె సరిగ్గా వచ్చి నిలబడింది. హమ్మయ్య అనుకుని బాబాయ్ క్యాసెట్ పెట్టింది. మళ్ళీ అదే కోడిపిల్ల.

ఇక మీటర్‌ని పక్కనబెట్టి చెవినే నమ్ముకుంది. స్క్రూ తిప్పి స్పీడు తగ్గించింది. పది దాకా విని పిన్ని తల అడ్డంగా ఊపింది. "ఇది మా మామగారి గొంతు!" కొంచెం పెంచింది. "ఊహూఁ." ఇంకొంచెం తగ్గించింది. పిన్ని ఈసారి డెక్ దగ్గరికి చెవి వంచింది.

"ఏమోనమ్మా, ఇదేనేమో. అదే అయినా తెలుసుకోగలనో లేదో. ఆయన గొంతు నేనే మర్చిపోతున్నాను" అంటూ కళ్ళొత్తుకుంది.

మెకానిక్ చేతికి వచ్చింది ఈ ఒక్క క్యాసెట్టే. అదీ దక్కకపోతే పిన్నికి ఇక ఆ గొంతు లేనట్టే.

అప్పుడు బాబాయ్ బల్లమీద వేలితో కొట్టాడు. శిష్యులు మూడుసార్లు తప్పితే గాని కలగజేసుకోని మనిషి ఆయన. నోరున్న రోజుల్లోనూ అంతే. పలక మీద రాశాడు: "స్క్రూ మీటర్ చెప్పినచోటే పెట్టు. పది దగ్గర ఆపకు."

అప్పుడు వెలిగింది ఆమెకు. బాబాయ్ రిపేరుకు ముందు కూడా లెక్కపెట్టేవాడు. జబ్బు డెక్‌లో రికార్డు చేసింది ఆ డెక్‌లోనే వింటే జబ్బు తెలియదని, షాపులోని మంచి డెక్‌లో వేసి వినేవాడు. పనయ్యాక వెనక్కి తిప్పి దానిమీదే మళ్ళీ లెక్కపెట్టేవాడు. ఈ ఒక్క క్యాసెట్‌ని మాత్రం వెనక్కి తిప్పినట్టు లేదు. నీరసంగా తిరిగే డెక్‌లో రికార్డయిన లెక్కను పట్టుకుని తను ఇంతసేపూ మంచి డెక్‌ని పాడుచేస్తోంది!

టెస్టు క్యాసెట్‌తో స్క్రూ సరిచేసి, బాబాయ్ క్యాసెట్ పెట్టింది. కోడిపిల్ల పది దాకా లెక్కపెట్టింది. తర్వాత కాసేపు ఉత్త బుస్సుమనే చప్పుడు. టక్కుమని ఏదో నొక్కిన శబ్దం.

"ఒకటి... రెండు..."

నిండైన గొంతు. కాస్త బొంగురు. పిన్ని దిగ్గున లేచి నిలబడింది. "ఇదే! ఇదేనే ఆయన!"

"...పది. అయ్యా, ఇందాకటిదీ ఇప్పటిదీ మీరే పోల్చి చూసుకోండి. మీ డెక్‌లో ఆడపిల్ల చెయ్యి పెట్టడానికి వీల్లేదన్నారు. పెట్టింది ఆ పిల్లే. నేను ఒక్క స్క్రూ కూడా ముట్టుకోలేదు. ఇన్నేళ్ళలో నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో ఇంత మంచి చెయ్యి ఇంకోటి లేదు. ఈ మాట దాని ఎదురుగా మాత్రం అనను, నెత్తికెక్కుతుంది."

టేపు ఆగింది. ఆమె స్క్రూడ్రైవర్ కింద పెట్టబోతే అది బల్లమీద దొర్లి నేలమీద పడింది. బాబాయ్ నోటివెంట ఒక్క మెప్పు మాట విన్న గుర్తు లేదు ఆమెకు. మెప్పు లేదంటే పని చేతకాలేదనే ఇన్నేళ్ళూ అనుకుంది.

"బాబాయ్, ఈ చెయ్యి నువ్వు పెట్టిన భిక్షే. నేను ఇవాళ అన్నం తింటున్నానంటే నీవల్లే. నీ రుణం ఎలా తీర్చుకోను?" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"ఏడుపులు తర్వాతమ్మా, ముందు మళ్ళీ పెట్టు" అంది పిన్ని, తనూ ఏడుస్తూనే.

మళ్ళీ పెట్టింది. ఈసారి గొంతుతోపాటు బాబాయ్ పెదవులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు. ఒక్క అంకె కూడా వెనకబడలేదు, ముందుకు పోలేదు. పిన్ని ఆయన నోటివంకే చూస్తూ కూర్చుంది. పది అయ్యాక కూడా ఆ పెదవులు ఆగలేదు. ఎదురుగా అననన్న మాటంతా, మెకానిక్ కళ్ళలోకి చూస్తూ, చివరిదాకా అన్నాడు.