పలుకు రాలని రొట్టె

డెబ్బై నాలుగో చేపను బల్ల మీద బోర్లించేసరికి గ్లాఫీరా కుడి బొటనవేలు తిమ్మిరెక్కింది. వేలిని ఏప్రానుకు రెండుసార్లు రుద్దుకుని, అచ్చులో నూనె గుడ్డ తిప్పి, ఇంకో ముద్ద తీసుకుంది. చెక్కలో తవ్విన పొలుసుల్లోకి తేనె పిండి చేరాలంటే ముందు మధ్యలో నొక్కాలి. అక్కణ్నుంచి తల వైపుకీ తోక వైపుకీ తోసుకుంటూ పోవాలి. తొందరపడితే చేప తోక తెగిపోతుంది. ముప్పై ఆరేళ్లలో ఆమె చేతిలో తోక తెగిన చేపలు పది కూడా ఉండవు.

కొత్త సంవత్సరానికి పదిహేను రోజులుంది. వోల్గా ఒడ్డున మా ఊరి తేనెరొట్టెల కార్ఖానాకు అది తల గోక్కోవడానికి తీరిక లేని కాలం. కిటికీ బయట ఇంకా తెల్లారలేదు. లోపల పొయ్యి వేడికి ఆడవాళ్ల మొహాలు ఎర్రబడి ఉన్నాయి.

గ్లాఫీరా పొట్టి మనిషి. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. ఎన్ని స్నానాలు చేసినా లవంగాల వాసన వదిలేది కాదు. బస్సులో పక్కన కూర్చున్న పిల్లలు ఆమె కోటుకు ముక్కు ఆనించేవాళ్లు. పేపర్లో ఆమె ఫొటో ఎప్పుడూ పడలేదు. భర్త యెగోర్ పోయి పన్నెండేళ్లయింది, పిల్లలు లేరు. గ్లాఫీరా ఎవరని అడిగితే మా ఊళ్లో "ఒటీలియా పక్కన నిలబడేది" అనేవాళ్లు. ఒటీలియా ఎవరంటే "గ్లాఫీరా పక్కన నిలబడేది" అనేవాళ్లు. ఇద్దరికీ అంతకు మించి పేరు రాలేదు, వాళ్లు కోరుకోనూ లేదు. తమలో తాము మాత్రం గ్లాషా, తీల్యా అని పిలుచుకునేవాళ్లు.

ఆ పక్కన ఇప్పుడు రిమ్మా నిలబడుతోంది. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల, ఒటీలియాది, దానిది పక్కపక్క ఇళ్లు. మధ్యలో ఒకటే గోడ.

"పిన్నీ, ఒక మాట చెప్తా, తిట్టకూడదు."

"విన్నాక చూస్తా. చెయ్యి ఆపకు."

"ఒటీలియా పిన్ని రాత్రంతా గోడ మీద కొడుతోంది. నన్ను పిలుస్తోందేమోనని మొన్న పరిగెత్తా. కాదట. నొప్పి వచ్చినప్పుడు అరవడం ఇష్టం లేక కొడుతోందట. 'నువ్వు పడుకోవే, నిద్ర పాడుచేశా' అని నాకే సర్దిచెప్పింది."

గ్లాఫీరా అచ్చును బోర్లించింది. చేప తోక తెగిపోయి చెక్కలోనే ఉండిపోయింది.

ఒటీలియా జర్మన్ మనిషి. జర్మనీతో యుద్ధం నడిచిన కాలంలో, తరతరాలుగా ఈ ఒడ్డున ఉన్న జర్మన్లందరినీ రైళ్లలో కుక్కి కజఖ్ మైదానాలకు తోలినప్పుడు ఆమెకు అయిదేళ్లు. ఆ తర్వాత పాతికేళ్లకు తిరిగొచ్చింది. మొన్నీమధ్య తన వాళ్లంతా మూటాముల్లే సర్దుకుని జర్మనీ వెళ్లిపోతే ఆమె కదల్లేదు. "ఇంకోసారి రైలెక్కే ఓపిక నాకు లేదు" అంది, అంతే. డిసెంబరు ఇరవై అయిదున ఆమెకు క్రిస్మస్, రష్యన్ చర్చి పాత పంచాంగం ప్రకారం జనవరి ఏడున గ్లాఫీరాకు. నడుమ పదమూడు రోజులు ఇద్దరూ ఒకరింట్లో ఒకరు చేరి, మిరియాల ఘాటున్న గుండ్రటి జర్మన్ బిస్కెట్లూ మా ఊరి తేనెరొట్టెలూ తింటూ గడిపేవాళ్లు. "ఊరందరికీ ఒక్క రోజు, మనకి పదమూడు. ఎవరికీ చెప్పకే, కళ్లలో నిప్పులు పోసుకుంటారు" అనేది ఒటీలియా.

అక్టోబరు చివర్లో ఆసుపత్రి వాళ్లు కడుపు తెరిచి చూసి, మళ్లీ కుట్టేసి ఇంటికి పంపేశారు. ఆ వారమే ఆమె మంచం మీంచి గ్లాఫీరాకు పని పురమాయించింది.

"మా వాళ్లలో మనిషి పోతే వచ్చినవాళ్లకి పలుకుల రొట్టె పెడతారు. చేసేవాళ్లంతా వెళ్లిపోయారు. నువ్వే చెయ్యాలి గ్లాషా."

"నాకు చేతకాదు."

"నేర్పిస్తాలే. పిండీ, చక్కెరా, చల్లటి వెన్నా వేళ్ల కొసల్తో నలుపు. బఠాణీ గింజంత పలుకులు కట్టాలి. పొంగిన పిండి మీద పుల్ల మీగడ రాసి, పైన చల్లి కాల్చు. కోస్తే ఒక్క పలుకు రాలకూడదు. నా చావుకొచ్చినవాళ్లు ఒళ్లు దులుపుకుంటూ పోతే నాకు నామర్దా."

"నోర్ముయ్యవే."

"నువ్వు సరిగ్గా చేసేదాకా పోనులే, సరేనా?"

ఒటీలియా సరదాకే అంది. గ్లాఫీరా మాత్రం ఆ మాటను కొంగున ముడేసుకుంది.

మొదటి ఆదివారం వెన్న కరగబెట్టి కలిపింది. పలుకులన్నీ అతుక్కుని అట్టలా తయారయ్యాయి. రెండో ఆదివారం ఉప్పు మరిచిపోయింది. ఆ తర్వాత పిండి పొంగలేదు, ఆ పై వారం అడుగు మాడింది. ముప్పై ఆరేళ్లు పిండిలో నానిన చెయ్యి వరసగా ఏడు ఆదివారాలు తప్పిందంటే చిన్నపిల్లలు కూడా నమ్మరు. ఒటీలియా మాత్రం ప్రతిసారీ చిటికెడు నోట్లో వేసుకుని, "పిల్లి కూడా ముట్టదు. వచ్చే వారం మళ్లీ చెయ్యి" అని మొహం చిట్లించేది. గ్లాఫీరా తేలికైన గుండెతో ఇంటికి నడిచేది. ఇంకో వారం దొరికిందన్నమాట.

వెళ్లే ముందు ఒక తంతు ఉండేది. మా ఊళ్లో ఇంటికొచ్చినవాళ్లను పొమ్మని ఎవరూ అనరు. కబుర్లు ఎక్కువైతే ఇంటివాళ్లు అరచేతిలో పట్టేంత చిన్న తేనెరొట్టె తెచ్చి చేతిలో పెడతారు. అది పట్టుకుని నవ్వుతూ లేవాలి, ఎవరూ నొచ్చుకోరు. అవి వేయడానికి గ్లాఫీరా దగ్గర యెగోర్ చెక్కిన చిన్న అచ్చు ఉండేది. అందులో కోడిపుంజు. చెక్కుతుంటే ఉలి జారి తురాయి ఎగిరిపోయింది, అందుకని ఆ పుంజులన్నీ పెట్టల్లాగే పుట్టేవి. ఒటీలియా తలగడ పక్క రేకు డబ్బాలో అవి ఉండేవి. ప్రతి ఆదివారం ఒకటి తీసి గ్లాఫీరా చేతిలో పెట్టి, "ఇదిగో పెట్ట. ఇక నడు" అనేది.

గోడ మీద కొడుతోంది. రిమ్మా అన్న ఆ మాట తప్ప గ్లాఫీరాకు ఇక వేరే ఏదీ వినిపించలేదు. నేను వారాలు కూడబెట్టుకుంటున్నాను, వాటిని అనుభవించేది అది, అనుకుంది. తన మీద తనకే అసహ్యం వేసింది. తోక తెగిన చేపను ముద్ద చేసి పక్కన పెట్టింది.

పది గంటలకు ఈస్ట్ వేసి పిండి కలిపి, పొయ్యి పక్కన గుడ్డ కప్పింది. భోజనం వేళ పెరటి తలుపు తీసుకుని బయటికెళ్లి, రెండు చేతులూ మంచులో మణికట్ల దాకా పెట్టి, వేళ్లు నొప్పెట్టేదాకా ఉంచింది. వేడి చేతికి వెన్న కరుగుతుంది. ఆ సంగతి ఆమెకు ఎప్పుడూ తెలుసు. తడి తుడుచుకుని లోపలికొచ్చి వెన్నా, చక్కెరా, పిండీ నలిపింది. పలుకులు ఒక్కొక్కటే విడివిడిగా బఠాణీల్లా కట్టాయి. రిమ్మా పక్కన నిలబడి చూసి, పొయ్యిలో దానికి చోటు చేసింది.

మూడున్నరకు, వెలుతురు ఇంకా మిగిలి ఉండగానే, గ్లాఫీరా తన దగ్గరున్న తాళంచెవితో ఒటీలియా తలుపు తీసింది. ఒటీలియా గోడ వైపుకు తిరిగి పడుకుని ఉంది. ఆమె పిడికిలి తగిలే చోట గోడ రంగు మాసిపోయి ఉంది. అడుగుల చప్పుడుకు మెల్లగా ఇటు తిరిగింది.

"ఇవాళ ఆదివారం కాదుగా."

"కాదు."

గ్లాఫీరా మంచం పక్కనున్న స్టూలు మీద తెల్లగుడ్డ పరిచి, రొట్టె పెట్టి, ఒక మూల వేలెడంత ముక్క కోసింది. ఒటీలియా తల ఎత్తలేక కళ్లతోనే కత్తి వెంట వెళ్లింది. గుడ్డను చూసింది. తర్వాత గ్లాఫీరాను చూసింది. గ్లాఫీరా ముక్క లోంచి చిటికెడు తుంచి ఆమె నాలుక మీద పెట్టింది. ఒటీలియా మింగలేకపోయింది, నోట్లోనే ఉంచుకుంది.

"కుదిరింది," అంది చాలాసేపటికి. "మా అమ్మ చేసినట్టే ఉంది."

"ఇన్నాళ్లూ కావాలనే చెడగొట్టానే తీల్యా."

"తెలుసు. వెన్న కరగబెట్టే మనిషివా నువ్వు? మొదటి వారమే తెలిసింది."

"మరి చెప్పవేం?"

"నాకూ ఇంకో వారం కావాలనిపించింది." ఊపిరి కూడదీసుకుంది. "ఇప్పుడు వద్దనిపిస్తోందే."

గ్లాఫీరా కళ్లు తుడుచుకుని, తలగడ పక్క డబ్బా అందుకుని మూత తీసింది. అడుగున ఒక్కటే ఉంది. దాన్ని తీసి ఒటీలియా అరచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటిగా మూసింది.

"ఇదిగో. ఇక నడు," అంది.

ఒటీలియాకు నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి, అయినా నవ్వింది. "ఇల్లు నాది. అతిథివి నువ్వా, నేనా?"

"నువ్వే."

"దీనికి తురాయి ఏదే?"

"యెగోర్‌నే అడుగు. నాకంటే ముందు నీకే కనపడతాడు."

"అడుగుతా. ఉలి పట్టుకోవడం రాదు గానీ నిన్ను మాత్రం పట్టుకున్నాడు, వెధవ," అని కళ్లు మూసుకుంది. గ్లాఫీరా ఆమె పిడికిలి మీద తన చెయ్యి ఉంచి, నిద్ర పట్టేదాకా కూర్చుంది. పిలిస్తే మెలకువ వస్తుందేమోనని, వెళ్లేటప్పుడు పేరు పెట్టి కూడా పిలవలేదు.

మర్నాడు రిమ్మా పనికి కాస్త ఆలస్యంగా వచ్చింది. ఏప్రాను కట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"పిన్నీ, రాత్రి గోడ చప్పుడు కాలేదు. పొద్దున తలుపు కొట్టా. పలకలేదు."

గ్లాఫీరా అచ్చులో ఉన్న పిండిని తోక దాకా నొక్కింది. బోర్లించి, చేప సరిగా వచ్చిందని చూసుకుని, పళ్లెంలో పెట్టి, అప్పుడు కోటు అందుకుంది.

ఒటీలియా వెల్లకిలా పడుకుని ఉంది, గోడకు దూరంగా. కుడి చెయ్యి గుండెల మీద పిడికిలి కట్టి ఉంది. వేళ్ల సందున తేనెరొట్టె అంచు, దాని మీది చక్కెర పూత కనిపిస్తున్నాయి. రిమ్మా ఏడుస్తూ ఆ వేళ్లు విప్పబోయింది.

"ఉండనీ," అంది గ్లాఫీరా. "అతిథి చేతిలో పెట్టింది వెనక్కి తీసుకుంటామా?"

వచ్చేవాళ్ల కోసం ఇంకా మూడు రొట్టెలైనా కాల్చాలి. చేతులు చల్లబరచుకోవాలని కిటికీ తెరవబోయి ఆగింది. స్టూలు మీద నిన్నటి రొట్టె అలాగే ఉంది, ఒక మూల వేలెడంత తెగి. కింద పరిచిన తెల్లగుడ్డ మీద ఒక్క పలుకు కూడా రాలి లేదు.