రెండు వేళ్ళ ఖాళీ

ఆ పిల్ల అమ్మను ప్రశ్న అడిగి నాలుగు రోజులైంది.

ఏడేళ్ళ పిల్ల. నిద్ర లేస్తూనే "ఎందుకూ" అనేది, నోట్లో ముద్ద ఉండగానే "ఎలాగా" అనేది. ఇంట్లో ముద్దుపేరే ఎందుకమ్మ. వాళ్ళమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పిల్ల ఏది అడిగినా తెలీదనేది కాదు. తెలీదంటే పిల్ల కళ్ళముందు తను చిన్నదైపోతానని భయం. అందుకని తోచింది చెప్పేసేది. ఆకాశం నీలంగా ఎందుకుందంటే, కింద సముద్రం నీలం కదా, దాని రంగే పైన పడుతుందంది. పిల్ల అదే మాట బళ్ళో లేచి నిలబడి గట్టిగా చెప్పింది. టీచరు నవ్వాపుకుంది గానీ పిల్లలు ఆపుకోలేదు. ఇంటికొచ్చి సంచీ గోడకానించి, "ఇంక నిన్ను అడగన్లే అమ్మా" అంది. కోపంగా కూడా కాదు, బస్సు వెళ్ళిపోయిందని చెప్పినట్టు.

తల్లికి ఏడుపు రాలేదు. కాంతి పాఠం ఆమె చదివిన సైన్సు పుస్తకంలో పదకొండోది. ఆమెను బడి మాన్పించేనాటికి తొమ్మిదో పాఠం నడుస్తోంది. ఆ సంగతి ఏడేళ్ళ పిల్లకేం చెబుతుంది? పిల్ల ఆ మాటన్నప్పట్నుంచీ లోపలంతా మొద్దుబారినట్టుంది. కాలరు, భుజాలు, చేతులు, వీపు, మడత. మళ్ళీ ఇంకో చొక్కా. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

శనివారం ఒంటిపూట బడి. పిల్ల తిన్నగా లాండ్రీకొచ్చి మాసిన బట్టల మూటలెక్కి కూచుంది. వెనకే మేనమామ వచ్చాడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడాయన. ప్రూఫులు దొరకని వేళల్లో మనుషుల్ని దిద్దుతాడు.

"ఏమే, నా చొక్కాలయ్యాయా?"

"ఒక్క నిమిషం అన్నయ్యా."

"నిమిషమంటే అరవై సెకన్లు. ఇంకా మూడు చొక్కాలున్నాయి. ఏడు నిమిషాలు అను."

"సరే, ఏడు."

"మావయ్యా," మూటల మీంచి పిల్ల కేకేసింది, "సాలీడు కీటకమేనా?"

"కాదు. కీటకానికి ఆరు కాళ్ళు. సాలీడుకి ఎనిమిది."

"రెండు ఊడిపోతే?"

మావయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఊడినా కాదు. నీకు రెండు పళ్ళూడాయి. నువ్వు మనిషివి కాకుండా పోయావా?"

పిల్ల చిగురు మీద నాలుక పెట్టి చూసుకుంది. "పోనీ, తిమింగలం చేపేనా?"

"కాదు."

"అన్నిటికీ కాదంటావేంటి మావయ్యా?"

"అన్నిటికీ అన్లేదు. రెంటికన్నాను."

ఇంకో రోజైతే ఆమెకు నవ్వొచ్చేది. ఇప్పుడా మాటలు గోడ అవతల ఎవరింట్లోనో వినిపిస్తున్నట్టున్నాయి. ప్రశ్నలన్నీ అన్నయ్యకే పోతున్నాయి. పోనీ, తెలిసినవాడి దగ్గరికే పోతున్నాయి, అనుకుంది. అలా అనుకున్నా ఎక్కడా నొప్పి పుట్టలేదు. ఆమెకు భయమేసిందల్లా దానికే.

మూలనున్న చిన్న బాయిలరు బుస్సుమంది. లోపల ఒత్తిడి పెరిగినప్పుడల్లా దాని పక్క గొట్టంలోంచి అలా చిమ్ముతుంది.

"అబ్బ, ఎంత పొగో!"

"పొగ కాదు," అన్నాడు మావయ్య. "ఏదన్నా కాలితే వచ్చేది పొగ. ఇది ఆవిరి."

పిల్ల మూటలు దిగి దగ్గరికెళ్ళింది. "మరి గొట్టానికీ ఆవిరికీ మధ్య ఖాళీ ఉందేంటి? చూడు, రెండు వేళ్ళంత!"

మావయ్య ఒంగి చూశాడు. నిజమే, గొట్టం మూతి దగ్గర కాదు, కాస్త అవతల మొదలవుతోంది తెలుపు. ఆయన తడుముకోలేదు. "తెల్లగా ఉన్నంత మేరే ఆవిరి. ఖాళీలో ఉన్నది ఉత్త గాలి."

"అయితే అక్కడ కాలదా?"

"ఉత్త గాలి ఎక్కడన్నా కాలుస్తుందా?"

పిల్ల చూపుడువేలు చాపింది.

ఇస్త్రీపెట్టె ఎక్కడ వదిలిందో, మూటలెలా దాటిందో ఆమెకు తెలీదు. పిల్ల మణికట్టు ఆమె గుప్పిట్లో ఉంది. వేలికీ ఖాళీకీ మధ్య గోరంత దూరం.

"నొప్పే అమ్మా!"

"అక్కడే ఉంటుంది అన్నయ్యా ఆవిరి! సరిగ్గా అక్కడే!"

"అక్కడేమీ కనపడట్లేదే చెల్లాయ్..."

"కనపడదు! అసలు ఆవిరి కంటికి కనపడదు. అవతల తెల్లగా ఉన్నది చల్లారి మళ్ళీ నీళ్ళయిపోతున్న తుంపర. అదీ చుర్రుమంటుంది గానీ, ఈ ఖాళీ తోలూడదీస్తుంది." జాకెట్టు చేతి మడత పైకి లాగింది. మోచేతి కింద నున్నటి మచ్చ. "పనిలో చేరిన రెండోరోజు. నేనూ ఖాళీ అనుకునే పెట్టాను."

కర్రకు పొడిగుడ్డ చుట్టి ఆ ఖాళీలో పట్టుకుంది. తీసేసరికి గుడ్డలోంచి నీళ్ళు కారుతున్నాయి.

మావయ్య కళ్ళజోడు తుడుచుకుని గుడ్డ వంక చూశాడు. "అయితే నేను చెప్పింది తప్పు."

"తప్పు కాదు మావయ్యా," అంది పిల్ల, "చాలా తప్పు." అంతలో ముక్కు ఎగబీల్చి బల్ల వైపు తిరిగింది. ఇస్త్రీపెట్టె మావయ్య చొక్కా మీదే ఉండిపోయింది. "అది మాత్రం పొగేగా?"

"అది పొగే," అన్నాడాయన నీరసంగా.

ఆమె పరిగెత్తి పెట్టె ఎత్తింది. చొక్కా వీపున పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ. చొక్కా ఎత్తి అన్నయ్యకు చూపించబోతుంటే, పిల్ల వచ్చి ఆమె చేతి మీది మచ్చను వేలితో నిమిరింది.

"అమ్మా, కనపడని ఆవిరికి బరువుంటుందా?"

ఏదో ఒకటి చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "నాకు తెలీదు."

మావయ్య గొంతు సవరించుకున్నాడు.

"నిన్ను కాదు మావయ్యా, అమ్మని."

"తెలీదన్నానుగా తల్లీ."

"పోనీ, ఏమనుకుంటున్నావు?"

ఏమనుకుంటున్నావని తనను ఎవరన్నా అడిగిన గుర్తు లేదు. నీళ్ళు చల్లి ఉంచిన ఇంకో చొక్కా చేతిలోకి తీసుకుని ఎత్తి చూసింది.

"ఇది ఇప్పుడు బరువుగా ఉంది. ఇస్త్రీ అయ్యాక తేలికైపోతుంది," అంది నెమ్మదిగా. "మధ్యలో పోయిన బరువు ఎటు పోయినట్టు?"

పిల్ల నోరు తెరిచి చొక్కా వంకే చూసింది. తర్వాత బట్టలు తూచే కాటా దగ్గరికి ఒక్క పరుగున వెళ్ళి, దాని మీదున్న దుప్పట్లన్నీ కిందికి తోసేసింది.

"ఆరకముందే తే అమ్మా! త్వరగా!"