ఒంటి వత్తి

చనిపోయిన మనిషి దగ్గు వినపడుతోందని చెబితే ఎవరైనా ఏమంటారు? నిద్ర లేదు, తిండి లేదు, పాపం మతి చలించింది అంటారు. అందుకే ఆ దగ్గు సంగతి భవిత ఎవరికీ చెప్పలేదు. దగ్గుకంటే ముందు వచ్చిన వాసన సంగతి మాత్రం భర్త స్నేహితుడు ఫణికి చెప్పింది. అదీ ఉండబట్టలేక.

వాసన పూతరేకులది. నెయ్యి, బెల్లం, ఏలకులు. ఈ మంచుదేశంలో, ట్రాయ్ ఊళ్ళో చలికాలం సాయంత్రాలు ఎంత త్వరగా చీకటిపడతాయో తెలిసిందేగా, బయట అలా మసకబడగానే వాళ్ళింటి బేస్‌మెంట్ మెట్లమీదుగా ఆ వాసన పైకి వచ్చేది. ఇంట్లో పూతరేకులు లేవు. ఉన్నదల్లా కింద బల్లమీద ఆమె భర్త తేజేశ్వర్ వదిలి వెళ్ళిన వేప్, అదే బ్యాటరీ సిగరెట్ సామాను. ఆ సామాను యజమాని జనవరిలో ఆఫీసు నుంచి వస్తుంటే హైవే మీద కారు మంచుకి జారింది. కారుతో పాటే అతనూ పోయాడు.

సిగరెట్లు మానడానికని పట్టుకున్నాడు ఆ వేప్. మానడమైతే మానాడు, ఏ మాటకా మాట చెప్పుకోవాలి. కానీ కొనుక్కొచ్చి పీల్చుకుంటే అయిపోయేదానికి, తీగ తనే చుట్టాలి, పత్తి తనే దూర్చాలి, జ్యూస్ తనే కలపాలి! నిమ్మకాయంత లోహపు గిన్నె, అందులో స్ప్రింగులాంటి సన్నటి తీగచుట్ట, ఆ చుట్టలోంచి అటూ ఇటూ దూరిన పత్తి. పత్తి జ్యూస్‌ని పీల్చుకుంటుంది, బటన్ నొక్కితే తీగ వేడెక్కి పొగ వస్తుంది. పత్తి వదులైతే జ్యూస్ కారిపోతుంది. బిగుతైతే తడి అందక ఎండి మాడుతుంది, ఆ మాడు గొంతులో పడిందా, ఇక దగ్గు ఆగదు. అంతే విద్య. ఆ మాత్రం విద్య మీద శని ఆదివారాలన్నీ తగలేశాడు మహానుభావుడు. పూతరేకుల రుచి వచ్చే జ్యూస్ కనిపెట్టేదాకా నిద్రపోలేదు. "పైన పొగ వదిలావంటే ఊరుకునేది లేదు, కిందకి పో" అని భవిత బేస్‌మెంట్‌కి తోలేసింది.

ఒకసారి అతని పత్తి అయిపోయి, దేవుడి మూలలో ఉన్న ఆమె పత్తి ఎత్తుకెళ్ళాడు. భవిత గిన్నెలో గరిట వదిలేసి వెంటపడి కిందికి దిగింది. చూస్తే, పత్తిని ఒకే పాయగా నలిపి తీగలో దూరుస్తున్నాడు.

"ఒంటి వత్తి వేస్తావేంటి? అప్రాచ్యపు పని! ఇంట్లో దీపానికి రెండు కలిపి వేస్తారు. ఒంటి వత్తి శవం తల దగ్గర పెట్టేది."

"ఇది దీపం కాదే బాబూ, అటామైజర్!"

"నిప్పుంది, పత్తి ఉంది, తడి ఉంది. దీపానికి ఇంకేం కావాలి? రెండు వెయ్యి."

పకపకా నవ్వాడు తేజ. కానీ ఆమె మాట తీసేయలేదు. పత్తిని రెండు సగాలు చేసి, ఒక్కో సగాన్ని సన్నగా నలిపి, రెంటినీ వదులుగా మెలిపెట్టి దూర్చాడు. బటన్ నొక్కి పీల్చాడు. కళ్ళు మూసుకుని పొగంతా నెమ్మదిగా వదిలి, "సెట్టయింది" అన్నాడు. ఆ తర్వాత చచ్చినా ఒంటి పాయ వెయ్యలేదు. స్నేహితులు వెక్కిరించినా సరే.

ఇప్పుడు అతను లేడు, వాసన ఉంది. కర్మకాండ అయిపోయి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక మొదలైంది. భవితకి భయం వేయలేదు. ఆఫీస్ పని ముగించి లాప్‌టాప్ మూసి, మెట్లమీద కూర్చుని, వచ్చిందా అని చూసేది. రాగానే ప్రాణం లేచొచ్చేది. మళ్ళీ పొద్దున్నదాకా బతకడానికి అది చాలు.

భయం వేసింది, వాసన తగ్గడం మొదలయ్యాక. మార్చి వచ్చేసరికి, వచ్చిందో రాలేదో తెలియనంత పలచబడింది. ఇది కూడా పోతే? కిందికి దిగి సీసా వెలుతురుకి ఎత్తి చూసింది. సీసాలో అతను కలిపిన జ్యూస్ అడుగున కాస్త మిగిలుంది. ఎలా కలిపాడో ఎవరికీ తెలియదు. అది అయిపోయేలోగా ఎలాగైనా అతన్ని ఇంట్లో నిలబెట్టుకోవాలి. ఇదీ ఆమె పట్టుదల.

ఫణిని పిలిచింది. తేజతో కలిసి కార్ సీట్ల టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేసేవాడు, వేప్ పిచ్చిలోనూ జోడీయే. సంచీనిండా రకరకాల వత్తి సరుకు తెచ్చాడు.

"వదినా, ఇది జపాన్ కాటన్. ఇది రేయాన్, దీనికి ఫ్లేవర్ బాగొస్తుంది. ఇది స్టీల్ మెష్. పాతకాలం వాళ్ళు వాడేవాళ్ళు, మాడదు. అసలు మీరు పీల్చరు కదా, ఎందుకు ఇదంతా?"

"రోజూ సాయంత్రం కిందనుంచి పూతరేకుల వాసన వచ్చేది ఫణీ, ఇప్పుడు పోతోంది. ఆ వాసన కావాలి. అంతే."

అతను వేప్ గిన్నెని ముందుకి లాక్కున్నాడు. మూత తీసి, తీగని శుభ్రం చేసి, ఒక్కొక్కటే దూర్చి చూశాడు. జపాన్ పత్తితో పూతరేకుల వాసన వచ్చింది, సీసా మూత తీస్తే వచ్చే వాసన ఎంతో అంతే. రేయాన్‌తో ఘాటుగా వచ్చింది. స్టీల్ మెష్‌తో ఇనుప కంపు కొట్టింది. ఏ పొగా నిలవలేదు. పైకి లేవడం, పోవడం. జ్యూస్ తరిగిపోతుంటే భవిత ప్రాణం ఉసూరుమంది.

"ఇటివ్వు" అంది.

పైకెళ్ళి దేవుడి మూలలోంచి పత్తి తెచ్చింది. రెండు సగాలు చేసి, అరచేతుల మధ్య నలిపి మెలిపెట్టింది.

"వదినా, అలా ట్విస్ట్ చేస్తే టైటైపోతుంది. డ్రై హిట్ వస్తుంది, మాడుతుంది."

"మీవాడు వేసింది ఇలాగే."

తీగలో దూర్చి, కొసలు కత్తిరించి, జ్యూస్ చుక్కలు వేసి బటన్ నొక్కింది. పొగ లేచింది. ఈసారి పైకి పోలేదు. జానెడు లేచి, పక్కకి తిరిగి, బల్ల అవతల తేజ కూర్చునే ఖాళీ కుర్చీవైపు సాగింది. అక్కడ ఎవరో పెదవులతో పీల్చుకున్నట్టు సన్నబడి మాయమైంది. కుర్చీ కిర్రుమంది.

తర్వాత దగ్గు. ఒకే ఒక్క పొడి దగ్గు.

ఫణి మొహంలో నెత్తురు చుక్క లేదు. "వదినా, నేను... కార్ అలాగే వదిలేసి వచ్చా..."

"మా డ్రైవ్‌వేలోనే ఉందిగా."

"అదే, అదే, అక్కడే ఉంది, వెళ్ళి చూడాలి" అంటూ మెట్లు రెండేసి చొప్పున ఎక్కేశాడు. సంచీ కూడా తీసుకోలేదు. భవితకి నవ్వొచ్చింది. తేజ పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఖాళీ కుర్చీవైపు తిరిగి, "చూశావా మీ ధీరుణ్ణి" అంది.

ఆ పైన రోజూ అదే పని. మసకబడగానే కిందికి దిగి, కొత్త పత్తితో రెండు పాయల వత్తి వేసి, పొదుపుగా రెండే చుక్కల జ్యూస్ వేసి బటన్ నొక్కేది. పొగ కుర్చీలోకి పోయేది, కుర్చీ కిర్రుమనేది. భవిత కబుర్లు చెప్పేది. మేనేజర్ మారాడని, హీటర్ చప్పుడు చేస్తోందని, తన హెచ్‌వన్ ఉద్యోగ వీసా ఉంది కాబట్టి ఇల్లు ఖాళీ చేసే పనిలేదని. వినేవాడు వింటున్నాడన్న నమ్మకం ఆమెకి గట్టిగా ఉంది. ఎంత సంతోషమో!

కానీ దగ్గు ఎక్కువైంది. ఒకటి పదైంది, పది ఆగని తెరలైంది. గొంతు చీరుకుపోతున్నట్టు, ఊపిరి అందక మెలికలు తిరుగుతున్నట్టు. దాంతో పాటు మాడు వాసన. భవిత పత్తి తీసి చూసింది. తెల్లగా, తడిగా, శుభ్రంగా ఉంది. ఇంకాస్త సన్నగా నలిపింది, ఇంకో రెండు చుక్కలు వేసింది. మాడు వాసన తగ్గలేదు. వంగి చూస్తే అది గిన్నెలోంచి రావడం లేదు, కుర్చీలోంచి వస్తోంది. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి కుర్చీ ముందు పెట్టింది. మర్నాడు నీళ్ళు అలాగే ఉన్నాయి, దగ్గూ అలాగే ఉంది. అప్పుడు అర్థమైంది ఆమెకి. తడి అందక మాడుతున్నది పత్తి కాదు, తేజ.

అర్థమైనా వినలేదు. మొండిది. ఇంకో నాలుగు రోజులు అలాగే చేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఫణి వచ్చాడు, బిర్యానీ డబ్బాతో, సిగ్గుపడుతూ. లోపలికి వచ్చాడు కానీ బేస్‌మెంట్ తలుపుకి దూరంగా కూర్చున్నాడు.

"సారీ వదినా. ఆ రోజు అలా వెళ్ళిపోయా."

"పర్లేదులే. ఫణీ, ఒకటి అడుగుతా. ఫ్యూనరల్ హోమ్‌లో తేజ తల దగ్గర పెట్టిన దీపాలు ఎక్కడివి?"

"నేనే తెచ్చా. లోపల మంట అలౌ చెయ్యలేదు కదా, పక్కన డాలర్ షాప్‌కి పరిగెత్తి బ్యాటరీ క్యాండిల్స్ కొన్నా. ప్యాక్‌లో రెండొచ్చాయి. రెండూ పెట్టేశా."

"రెండూనా."

"ఒకటే పెడితే వెలితిగా ఉంటుందని..."

భవిత బిర్యానీ డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది. "వెలితిగా ఉండాలనే ఒకటి పెడతారు ఫణీ" అంది చివరికి.

ఆ రోజు ఆ ప్లాస్టిక్ దీపాలు ఆమె చూడకపోలేదు. రెండెందుకని మనసులో అనుకుంది కూడా. నోరు పెగల్లేదు. టెక్సాస్‌లో, కాపెల్‌లో పెద్దకొడుకు దగ్గరుంటున్న అత్తగారు చాముండేశ్వరి, మంచు తుఫానుకి ఫ్లైట్లు ఆగిపోయి చివరిచూపుకి రాలేకపోయింది. ఫోన్‌లో ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, "వాడి తల దగ్గర దీపం పెట్టారా తల్లీ?" అని. "పెట్టాం అత్తయ్యా" అని అబద్ధం చెప్పేసింది భవిత. అసలు వెలిగించనే లేదు. పైగా జంట దీపాలు, కాపరం చేసుకునే ఇంట్లో పెట్టినట్టు! మరి ఆ పిచ్చి తేజకి ఇల్లు ఇంకా తనదే అనిపించదూ? దానికి తోడు తను రోజూ రెండు పాయలు మెలిపెట్టి రమ్మని పిలుస్తోంది.

ఫణి వెళ్ళాక భవిత ఆ దేవుడి మూల ముందే కూలబడింది. పంపించేస్తే ఇక రాడు. పంపించకపోతే దగ్గుతూనే ఉంటాడు. అతని అంత్యక్రియలప్పుడు చుట్టూ జనం ఉన్నారు, అప్పుడు తన చేతిలో ఏమీ లేదు. ఇప్పుడు తన చేత్తోనే పంపాలి. 'నా వల్ల కాదు, నా వల్ల కాదు' అనుకుంది. ఏడ్చింది. ఇంకో నెల, పోనీ ఇంకో వారం ఉంచుకుంటే ఏం పోయిందని బేరమాడింది.

బయట మసకబడింది. ఆమె బటన్ నొక్కనేలేదు, కింద దగ్గు మొదలైంది. పిలవకుండానే వచ్చాడు. మెట్లమీదుగా పైకి వచ్చింది ఆ దగ్గు, తెరలు తెరలుగా, ఆగకుండా. మధ్యలో ఒక చిన్న మూలుగు. ఆ మూలుగు ఆమె భరించలేకపోయింది. లేచి పత్తి తీసుకుని కిందికి దిగింది.

"వస్తున్నా, వస్తున్నా తేజా, ఆగు" అంటూ మూత తీసింది. రెండు పాయల వత్తి లాగి అవతల పడేసింది. కొత్త పత్తి తుంచింది. అలవాటుకొద్దీ వేళ్ళు దాన్ని రెండుగా చీల్చబోయాయి, ఆపుకుంది. ఒకే పాయగా నలిపింది. మూడుసార్లు తప్పి, నాలుగోసారి తీగలో దూర్చింది. సీసా బోర్లించి చివరి చుక్కదాకా పిండేసింది. గిన్నెని బల్లమీంచి తీసి, కుర్చీలో తల ఆనించే దగ్గర, వెనక అల్మరా మీద పెట్టింది.

"నేనే పెట్టాను ఇది. అప్పుడు పెట్టలేకపోయాను, ఏమనుకోకు" అంది. కుర్చీ వీపుని ఒకసారి నిమిరింది. "ఇంక ఇక్కడ నీకు అందేదేమీ లేదురా. వెళ్ళు."

బటన్ నొక్కింది. తీగ ఎర్రగా వెలిగింది. పొగ కుర్చీవైపు తిరగలేదు, తిన్నగా పైకి లేచింది. బేస్‌మెంట్ అంతా పూతరేకుల వాసన, మాడు లేదు, కొత్తగా విప్పిన పొట్లంలా కమ్మగా. దగ్గు ఆగింది. ఆ ఆగినచోట ఒక ఊపిరి వినపడింది, తృప్తిగా నెమ్మదిగా వదిలిన ఊపిరి. ఆమెకి బాగా తెలిసిన ఊపిరి. దాని వెనకాల వచ్చే మాట కోసం చెవులు రిక్కించింది.

మాట రాలేదు. కుర్చీ ఒకసారి కిర్రుమని, బరువు దిగినట్టు కొద్దిగా వెనక్కి ఊగి ఆగిపోయింది.

"సెట్టయింది తేజా" అంది భవితే.

పత్తి పూర్తిగా ఎండేదాకా బటన్ మీంచి వేలు తియ్యలేదు. తర్వాత బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ సబ్బు వాసన తప్ప ఏమీ మిగల్లేదు. అక్కడే మెట్లమీద కూర్చుని కాపెల్‌కి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, దీపం పెట్టాను."

"పొద్దుగూకింది కదా, పెట్టక ఏం చేస్తావు?"

"ఆ దీపం కాదత్తయ్యా. తేజకి."

అబద్ధం చెప్పావేమని అడగలేదు చాముండేశ్వరి. ఎప్పుడు, ఎలా అనీ అడగలేదు.

"ఒంటి వత్తేనా?" అంది.

"ఒంటి వత్తే అత్తయ్యా."

"వెళ్ళాడా?"

"వెళ్ళాడు."

ఆవిడ బావురుమంది. భవిత ఫోన్ చెవికి ఆనించుకుని, ఆవిడ ఏడుపు ఆగేదాకా అలాగే కూర్చుంది.